జగ్గన్నతోటలో పదునొకండు ప్రభలు

కోనసీమ ద్వీపమని చెప్పినచో పైప్రాంతములవారు ఒక్కొక్కప్పుడు నమ్మరు. కొబ్బరితోటల నడుమ నిలుచున్నవానికి నది కానరాదు, సముద్రఘోష వినరాదు. కాని ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ యని చీలి ఈ నేలను ఇరుప్రక్కల చుట్టుకొనినది. దక్షిణమున సముద్రమే హద్దు. లోపల మరల కాలువలు, మురుగుకోడులు. ఊరికిని ఊరికిని నడుమ ఎక్కడో ఒకచోట నీరుండకపోదు. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమును గూర్చి చెప్పబూనినపుడు మొదట చెప్పవలసిన మాట ఇదియే. తీర్థమనగా మన గోదావరి జిల్లాలలో జాతర యని శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు.

అంబాజీపేట మండలమున మొసలపల్లి చెంత నున్నది జగ్గన్నతోట. అది ఒట్టి కొబ్బరితోట. అందు గుడి లేదు, గోపురము లేదు, నిత్యపూజ లందుకొను దేవుడును లేడు. సంవత్సరమున కొక్క దినము మాత్రము పదునొకండు గ్రామముల శివులు తమ గుడులు విడిచి అచటికి వచ్చి కొలువుతీరుదురు. వ్యాఘ్రేశ్వరమునుండి వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రునుండి అభినవ వ్యాఘ్రేశ్వరుడు, మొసలపల్లినుండి మధుమానంత భోగేశ్వరుడు, ఇరుసుమండనుండి ఆనందరామేశ్వరుడు, వక్కలంకనుండి విశ్వేశ్వరుడు, ముక్కామలనుండి రాఘవేశ్వరుడు, పెదపూడినుండి మేనకేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారమునుండి వీరేశ్వరుడు వత్తురు. నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు — ఈ మూడూళ్లనుండి వచ్చు స్వాముల పేరు ఒక్కటే, చెన్నమల్లేశ్వరుడు. ఏ చెన్నమల్లేశ్వరుడు ఏ ఊరివాడో పరాయివానికి తెలియకపోవచ్చును గాని, ఆ ఊళ్లవారు మాత్రము దూరమునుండియే తమ ప్రభను గుర్తుపట్టుదురు. పురాణములు చెప్పు ఏకాదశరుద్రులు వీరే యనియు, లోకక్షేమమును గూర్చి ఏటేట ఇట్లు సమావేశమగుదు రనియు ఇచటివారి విశ్వాసము.

ప్రభ యనగా రథము కాదు. దానికి చక్రములు లేవు. వెదురుతో ఎత్తుగా చట్రము కట్టి, రంగురంగుల కొత్తవస్త్రములు చుట్టి, పూలు, గంటలు అమర్చి, నడుమ స్వామి ఉత్సవమూర్తిని నిలుపుదురు. క్రింద మోతకఱ్ఱలుండును. రథమునకు వీధి కావలెను. ప్రభకు భుజము చాలును. ద్వీపవాసులు దేవుని వాహనము నిట్లు కట్టుకొనుట కేవలము అలంకారము కొరకే కాదని మాకు తోచుచున్నది.

తోటలో మర్యాద లున్నవి. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్య మిచ్చువాడు గనుక అందరికంటె ముందు వచ్చి, అందరును తరలిన పిదపనే ఇల్లు చేరును. ఈ సభకు అధ్యక్షుడు వ్యాఘ్రేశ్వరుడు. ఆయన ప్రభ రాగానే తక్కిన ప్రభలన్నిటిని ఒక్కసారి పైకెత్తి గౌరవింతురు. పెద్దవాడు వచ్చినపుడు కూర్చున్నవారు లేచుట యన్నమాట!

ఇక కౌశిక దాటుట. గోదావరి ఏడు పాయలకు సప్తర్షుల పేళ్లు చెప్పుదురు గదా, అందు కౌశిక యొకటి. నేడది కోనసీమ నడుమ ఒక కాలువవలె పారుచున్నది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు ఈ ఎగువ కౌశికను దాటియే తోటకు రావలెను. మోయువారు ప్రభతోనే నీటిలోనికి దిగుదురు. నీరు పైపైకి వచ్చుకొలది ప్రభను అంతకంతకు ఎత్తిపట్టుదురు. ఒకవైపు కుంగినచో స్వామి నీటిపాలగును. అప్పుడు వినవచ్చు ‘శరభ శరభ’ యను కేకలు ఉత్సాహమునకే కాదు, అందరి అడుగును ఒక్కటి చేయుటకు గూడ. శబ్దముతో పనిచేయు మావంటివారికి అది ఇట్టే తెలియును: ఎంత బరువు మీద పడిన అంత గట్టిగా ఆ కేక లేచును.

గట్టెక్కిన తరువాత దారి చేలమీదుగా పోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీరు పారిన నేల యిది. సంక్రాంతి నాటికి సార్వా ధాన్యము ఇల్లు చేరి, దాళ్వా నాట్లు పడుచుండును. ఆ లేతపైరును త్రొక్కుచునే ప్రభలు సాగును. గట్టుమీది గడ్డికై తగవులాడుకొను సీమలో, ఆ ఒక్కనాడు రైతు అడ్డు చెప్పడు. స్వామి నడచిన చేను బాగుగా పండునని తలంచును. దీనిని వట్టి మూఢవిశ్వాస మనుటకు మాకు నోరు రాదు. దారి కొరకు ప్రతివాడు కొంత పోగొట్టుకొననిదే పదునొకండూళ్లు ఒకచోట చేరుట సాధ్యము కాదు.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథమున ఆంధ్రప్రదేశ్ శకటముగా ఈ ప్రభల తీర్థమే నడచినది. మనకు గర్వకారణమే. అయితే ఆ ప్రభలు శకటముమీద ఊరేగినవి. కోనసీమలోను కొన్ని తీర్థములలో ప్రభలు ఏటేట ఎత్తు పెరిగి, భుజములకు మించి, ట్రాక్టర్లమీద కెక్కినవి. తప్పు పట్టలేము, మోయవలసిన కుఱ్ఱవాండ్రలో ఎందరో హైదరాబాదుననో గల్ఫు దేశములలోనో ఉన్నారు. కాని ట్రాక్టరు కౌశికను దాటలేదు. అందుచేత సంక్రాంతికి ఇల్లు చేరిన పిల్లలను గంగలకుర్రువారు పిండివంటల దగ్గర ఎక్కువసేపు కూర్చుండనీయరు.

ప్రొద్దు వ్రాలునప్పటికి ప్రభలు వచ్చిన త్రోవనే మరలును. గంగలకుర్రువారు మరల నీటిలోనికి దిగుదురు. చివరకు భోగేశ్వరుడును కదలును. తోటలో కొబ్బరిచెట్లు మిగులును.