బొమ్మ పట్టాల పక్కన ఏ ఇసుక వేయాలి?

మోడల్ రైల్వేలో నేల అసలుదిలా కనిపించాలంటే ముందు చూడాల్సింది రేణువు సైజు, తర్వాతే రంగు. హెచ్‌ఓ స్కేల్‌లో అన్నీ 87 రెట్లు చిన్నవి. మన రైలు పట్టాల కింద 50 మిల్లీమీటర్ల కంకర రాయి ఆ లెక్కన 0.6 మిల్లీమీటర్లకు దిగాలి. ఇంటి పనికి తెచ్చిన ఇసుకను జల్లించకుండా పోస్తే బండరాళ్లు పరిచినట్టుంటుంది.

జల్లించాక అయస్కాంతం తిప్పాలి. ఇసుకలోని నల్లటి ఇనుప రేణువులు ఇంజిన్ మోటారులో చేరితే అది పాడవుతుంది.

పచ్చికకు రంగు వేసిన రంపపు పొట్టు చవక. సరిగా ఆరకపోతే వానాకాలంలో బూజు పడుతుంది.

అతికించడానికి నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపితే జిగురు రేణువుల మధ్యకు సులువుగా ఇంకుతుంది.