కార్డు మీద పేరు వీసాది, అప్పు బ్యాంకుది

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): భిలాయ్ ఉక్కు కర్మాగారం అప్పు మీద నిలిచింది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం యంత్రసామగ్రి రుణంపై వచ్చింది. వడ్డీ ఏడాదికి 2.5 శాతం, తీర్చవలసింది 12 వార్షిక వాయిదాల్లో. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అంతకు నాలుగున్నర నెలల ముందు అమెరికాలోని ఫ్రెస్నో అనే పట్టణంలో మరో రకం అప్పు పుట్టింది. నేడు భిలాయ్ సివిక్ సెంటర్ దుకాణాల్లో చెల్లింపు యంత్రానికి తాకించే వీసా కార్డుకు మూలం అదే.

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నోలోని 60 వేల మందికి తపాలాలో కార్డులు పంపింది. వారిలో ఎవరూ దరఖాస్తు చేసుకోలేదు. దుకాణదారులు చేరాలంటే చేతిలో కార్డులున్న కొనుగోలుదారులు ముందే ఉండాలన్నది ఆ పథకాన్ని నడిపిన జోసెఫ్ విలియమ్స్ ఆలోచన. ఏడాది తిరిగేసరికి కాలిఫోర్నియాలో 20 లక్షల కార్డులు చేరాయి. బకాయిలు 4 శాతం మించవని బ్యాంకు వేసిన లెక్క మాత్రం తలకిందులై, ఆ సంఖ్య 22 శాతానికి చేరింది. దొంగ కార్డులు, మోసాలు దానికి తోడయ్యాయి. అధికారికంగా చూపిన నష్టమే 88 లక్షల డాలర్లు. విలియమ్స్ బ్యాంకును వీడారు, కార్డు మిగిలింది. అడగని వారికి కార్డులు పంపడాన్ని అమెరికా 1970లో చట్టం ద్వారా నిషేధించింది.

'బ్యాంక్‌అమెరికార్డ్' అనే ఆ కార్డును 1966 నుంచి ఇతర బ్యాంకులకూ లైసెన్సుపై ఇచ్చారు. బ్యాంకుల మధ్య లెక్కలు తేలక గందరగోళం ముదిరినప్పుడు దానిని చక్కదిద్దే పని సియాటిల్‌కు చెందిన డీ హాక్ అనే బ్యాంకు ఉద్యోగిపై పడింది. కార్డు వ్యవస్థ ఏ ఒక్క బ్యాంకుదీ కాకుండా, సభ్య బ్యాంకులన్నిటి ఉమ్మడి సంస్థ కావాలని ఆయన వాదించి, 1970లో దానిని సాధించారు. పేరులోని 'అమెరికా' ఇతర దేశాలకు రుచించకపోవడంతో 1976లో అది 'వీసా' అయింది. ఏ భాషలోనైనా దాదాపు ఒకేలా పలికే మాట కావడం అందుకు ఒక కారణం. లాటిన్‌లో దాని మూలార్థం 'చూసినది'. 2008లో షేర్లు మార్కెట్‌కు వచ్చే వరకూ దాని యజమానులు బ్యాంకులే.

ఈ చరిత్ర తెలియనందువల్ల వచ్చే పొరపాటు ఒకటుంది. కార్డుపై పెద్దగా కనిపించే వీసా ఎవరికీ అప్పు ఇవ్వదు, వడ్డీ వసూలు చేయదు. భిలాయ్‌లో ఒకరు 10,000 రూపాయల వస్తువు కొంటే, ఆ సొమ్మును దుకాణదారుకు చేర్చేది కార్డు ఇచ్చిన బ్యాంకు. వీసా ఆ రెండు వైపుల బ్యాంకుల మధ్య సందేశాన్ని చేరవేసి, లెక్క తేల్చి, రుసుము తీసుకుంటుంది. దుకాణదారుకు పూర్తి మొత్తం రాదు. కోసుకున్న కొద్దిపాటి సొమ్మును బ్యాంకులు, వీసా పంచుకుంటాయి. కొన్నవారు బాకీ ఎగవేస్తే నష్టం బ్యాంకుదే.

తెలుగువారికి ఈ వ్యవహారం కొత్తది కాదు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంక్ 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టి, దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో ఒకటిగా నిలిచింది. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

'అప్పు రేపు' అని తెలుగు దుకాణాల్లో రాసి పెట్టే మాటనే హిందీ ప్రాంతాల్లో 'ఆజ్ నగద్, కల్ ఉధార్' అంటారు. కిరాణా ఖాతాలో సాధారణంగా వడ్డీ ఉండదు; జీతం రోజున లెక్క తేలుతుంది. కార్డు బిల్లులోనూ గడువులోగా మొత్తం కడితే వడ్డీ లేదు. చిక్కు 'కనీస చెల్లింపు' దగ్గర వస్తుంది. 10,000 బిల్లుకు 500 కట్టి ఊరుకుంటే, నెలకు 3.5 శాతం చొప్పున పడే వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిసి అందులో అధిక భాగాన్ని మింగేస్తాయి. పైగా కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు పోతుంది. ఏడాదికి లెక్కిస్తే వడ్డీయే 42 శాతం. గడువు దాటిన కార్డు బాకీలపై 30 శాతం మించిన వడ్డీ అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది.

వడ్డీపైనా, బిల్లుపైనా ఫిర్యాదు చేయవలసింది కార్డు ఇచ్చిన బ్యాంకుకే. 30 రోజుల్లో స్పందన రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. అడగకుండా కార్డు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2022 నాటి నిబంధనల్లోనూ స్పష్టం చేసింది. అలా ఇచ్చి రుసుములు వేస్తే వాటిని రద్దు చేయడమే కాక, రెట్టింపు మొత్తం జరిమానాగా చెల్లించాలి. 2024 సెప్టెంబరు 6 నుంచి, 10 లక్షలకు మించి కార్డులున్న సంస్థలు కొత్త కార్డు ఇచ్చేటప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి వాటిలో ఏది కావాలో ఖాతాదారును అడగాలి. పాత కార్డు ఉన్నవారికి ఆ అవకాశం పునరుద్ధరణ సమయంలో వస్తుంది.