మాస్టారిని చూసి చేర్చండి!

దసరా వచ్చిందంటే అమలాపురం వీధుల్లో అడుగుపెట్టే చోటుండదు. ఊరేగింపులో చెడీ తాలింఖానా చూడాలని జనం మేడలెక్కుతారు. కుర్రాళ్లు కర్రలు గిరగిరా తిప్పుతుంటారు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి, పడుకున్నవాడి ఒంటిమీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో ఒక్క వేటుకు రెండు చేస్తాడు. చూసేవాళ్లకే గుండె ఆగినంత పనవుతుంది! కొంకాపల్లిలో 1856లో అబ్బిరెడ్డి రామదాసు దీనికి శ్రీకారం చుట్టారని అక్కడివారు చెబుతారు. నన్నడిగితే, కత్తి పట్టినవాడికన్నా ఆ కత్తి కింద కదలకుండా పడుకున్నవాడిదే అసలు సాధన.

ఆ కుదురు కోసమే ఇప్పుడు చాలామంది అమ్మానాన్నలు పిల్లల్ని కరాటే క్లాసులకు తీసుకెళ్తున్నారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం... ఎక్కడ చూసినా సాయంత్రమయ్యేసరికి స్కూలు గ్రౌండులోనో, మేడమీదో తెల్ల డ్రెస్సుల పిల్లలు కనిపిస్తారు. గేటు దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. ''మావాడు ఒక్కచోట నిలవడండీ మాస్టారూ. మీరైనా కాస్త భయం పెట్టండి.''

ఆ మాట అనేముందు ఒక్క నిమిషం ఆగాలి.

అల్లరేనా?

పిల్లలన్నాక అల్లరి ఉంటుంది. కానీ కొందరు కావాలని చేయరు. చెప్పింది సగంలోనే మరిచిపోతారు. పెన్సిళ్లు, లంచ్ బాక్సులు రోజుకొకటి పోగొట్టుకొస్తారు. వరుసలో తమ వంతు వచ్చేదాకా ఆగలేరు. పన్నెండేళ్ల లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా ఇదే తీరు ఉండి, చదువుకూ స్నేహాలకూ అడ్డొస్తుంటే అది ఏడీహెచ్‌డీ కావచ్చు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా. మొండితనం కాదు, పెంపకంలో లోపం అంతకన్నా కాదు. బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోనూ ఇది ఉంది. అవునో కాదో తేల్చాల్సింది పిల్లల డాక్టరు, మానసిక వైద్యులు. పక్కింటి పిన్నిగారు కాదు, కరాటే మాస్టారూ కాదు.

అందుకే ముందే ఒక మాట. కరాటే దీనికి మందు కాదు. డాక్టరు రాసిన మందులు మాన్పించి నడుముకు బెల్టు కట్టిస్తే పిల్లాడికే నష్టం. వైద్యంతోపాటు చేయిస్తే మాత్రం మేలు జరిగే అవకాశం ఉంది. అదీ నేర్పే తీరును బట్టే.

నేర్పే తీరు ఎంత తేడా తెస్తుందో 1986లో అమెరికాలో మైకేల్ ట్రల్సన్ ప్రచురించిన ఓ అధ్యయనం చెబుతుంది. దుడుకు స్వభావమున్న కుర్రాళ్లను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు గౌరవం, ధ్యానం, నియమాలతో కలిపి సంప్రదాయ తైక్వాండో నేర్పారు. రెండో గుంపుకు అవేమీ లేకుండా పోరాటం మాత్రమే నేర్పారు. మూడో గుంపుతో పరుగు, బాస్కెట్‌బాల్ లాంటివి చేయించారు. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి గుంపులో దుడుకు తగ్గింది. రెండో గుంపులో ఇంకా పెరిగింది! చిన్న అధ్యయనమే, వాళ్లు ఏడీహెచ్‌డీ పిల్లలూ కారు. అయినా స్కూలు వెతికేవారికి పనికొచ్చే కబురే.

ఒక సాయంత్రం కూర్చోండి

బోర్డు మీది బ్లాక్‌బెల్టులు, గోడమీది కప్పులు చూసి ఫీజు కట్టేయకండి. ఒక క్లాసు మొదలు నుంచి చివరిదాకా చూడండి. నలభై మంది పిల్లలు, ఒకే మాస్టారు... ఒక్కో తన్నుకు పది నిమిషాలు లైన్లో నిలబడాలంటే నిలకడ లేని పిల్లాడు అక్కడే ఓడిపోతాడు. తన్నేది ఒక్కసారి, తిట్లు పదిసార్లు! చిన్న గుంపు, వెంటవెంటనే పని, ఒకసారికి ఒకే మాట... ఇవి ఉన్నచోట వాడు రాణిస్తాడు.

తప్పు చేసిన పిల్లాణ్ని మాస్టారు ఏం చేస్తున్నారో గమనించండి. బెత్తం, గుంజీలు, అందరి ముందూ ఎగతాళి కనిపిస్తే వచ్చిన దారినే వెళ్లిపోండి. మంచి మాస్టారు అటూఇటూ కదిలేవాణ్ని ముందు వరుసలోకి తెచ్చుకుంటారు. అంకెలు లెక్కపెట్టమంటారు, ప్యాడ్ పట్టుకోమంటారు. చేతికి పని దొరికితే వాడికీ కాస్త ఊపిరాడుతుంది.

మీ పిల్లాడి సంగతి ఆయనకు పక్కకు పిలిచి చెప్పండి. ''నాకొదిలేయండి, నెల్లాళ్లలో దారికి తెస్తా'' అన్నారా... వద్దు. ''ఇంట్లో ఎలా చెబితే వింటాడండీ?'' అని ఎదురడిగితే సగం పని అయినట్టే.

కరాటేనా, తైక్వాండోనా, జూడోనా అన్నది ఆ తర్వాతి మాట. ఒలింపిక్స్ లెక్క చూసుకునేవారికి... జూడో 1964లో, తైక్వాండో 2000లో పూర్తిస్థాయి పతకాంశాలయ్యాయి. కరాటే 2021లో జరిగిన టోక్యో పోటీల్లో ఒక్కసారి కనిపించి, 2024 పారిస్‌లో లేకుండా పోయింది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఈ లెక్కలెందుకో!

తలకు దెబ్బ తగిలే పోటీలకు మాత్రం ఒప్పుకోకండి. హెడ్‌గేర్ ఉందిగా అంటారు. అది మెదడు అదురుడును ఆపుతుందన్న భరోసా లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే హెచ్చరించింది. పెంకులు పగలగొట్టే ప్రదర్శనలూ చిన్న చేతులకు అక్కర్లేదు. బెల్టు పరీక్షలు ఏడాదికి ఎన్ని, ఒక్కోదానికి ఎంత అని ముందే అడిగేయండి. నెల ఫీజు కంటే అక్కడే జేబు ఖాళీ అవుతుంది. 'తల్లిదండ్రులు లోపలికి రాకూడదు' అనే చోట ఆడపిల్లనైనా మగపిల్లాణ్నయినా చేర్చకండి.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా, ముందు ఓ వారం పంపి చూడండి. ఇంటికొచ్చే దారిలో ''బుద్ధిగా ఉన్నావా?'' అనకండి. ''ఇవాళ ఏం నేర్పారు?'' అనండి. వాడు స్కూటర్ మీద నుంచే కాలెత్తి చూపించబోతే... బండి కాస్త పక్కకు ఆపండి!