చూచివచ్చిన బొమ్మ

పశ్చిమ గోదావరి మెట్టసీమ యని పూర్వమునుండి పేరుగన్న ప్రాంతమున నల్లజర్ల యను గ్రామము గలదు. దానికి ఆగ్నేయమున తాడేపల్లిగూడెము, నైరృతిని ఏలూరు, ఏలూరునకు దిగువను కొల్లేటిసరస్సు ఉన్నవి. 2022లో జిల్లాలను పునర్విభజన చేసినపుడు నల్లజర్ల తూర్పు గోదావరి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఊరిమాట మారలేదు. ఇచట చలనచిత్రమును ‘బొమ్మ’ యందురు. ప్రదర్శనమును ‘ఆట’ యందురు. ‘బొమ్మ పడినది’ యనగా ప్రదర్శనము ఆరంభమైనదని యర్థము. గూడెములోనో, ఏలూరిలోనో బొమ్మ చూచివచ్చినవానిని ఊరివారు అడుగు మొదటి ప్రశ్న యొక్కటే: “బొమ్మ ఎలా ఉందండీ?”

ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములు సాధారణముగా మూడు. “బాగుంది” యనునది మొదటిది, “పరవాలేదు” రెండవది, “ఆడదు” మూడవది. ఈ మూడవది అభిప్రాయము కాదు, జోస్యము. చెప్పువాడు రచ్చబండమీద కూర్చుండి, తువ్వాలు దులుపుకొనుచు అలవోకగా ననివైచును. కాని యా యొక్క మాటతో, మరునాడు బండి కట్టుకొని బయలుదేరవలెనని తలచిన రెండు కుటుంబములు ఆగిపోవచ్చును.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలును. మామిడిపండును వాసన చూచి కొనవచ్చును. చలనచిత్రమునకు అట్టి సౌకర్యము లేదు. ముందుగా రుసుము చెల్లించి, పిమ్మట చూడవలెను. చూచిన పిమ్మట నచ్చకున్నను రుసుము తిరిగి రాదు. గోడమీది ప్రకటనలును, వీధులవెంట తిరుగు బండిలోని మైకును ప్రతి చిత్రమును అద్భుతమనియే చెప్పును. అందుచేత జనులు నమ్మునది, తమవలెనే డబ్బిచ్చి చూచివచ్చినవాని మాటను. అది ఆడినను ఆడకున్నను వానికి ఒరుగునదేమియు లేదు. ఆ మాటకు గల బలమంతయు నచటనుండియే వచ్చినది.

తెలుగు మాటలాడిన మొదటి చిత్రము ‘భక్తప్రహ్లాద’. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున తయారై, 1932లో విడుదలయ్యెను. అందు నటించిన సురభి కమలాబాయి మొదలగువారు నాటకరంగమునుండి వచ్చినవారే. అప్పటి ప్రేక్షకులకు సినిమా క్రొత్తదిగాని నాటకము క్రొత్తది కాదు. పద్యము విని ‘వన్స్‌మోర్’ అని కేకవేసి, నటునిచేత మరల పాడించుకొనిన చెవులు వారివి. కనుక వారి తీర్పు చెవులతోడనే మొదలయ్యెడిది. అయితే తెరమీది నటుడు ఎంత కేకవేసినను మరల పాడడు గదా!

పట్టణములలో స్థిరమైన హాళ్ళు వెలసినను, పల్లెలకు చిత్రములను తెచ్చినవి టూరింగు టాకీసులు. గుడారము వేసి, ఆయిలింజనుతో కరెంటు పుట్టించి, నేల, బెంచి, కుర్చీ యని తరగతులేర్పరచి ఆటలు నడుపుచుండిరి. నేల టిక్కెట్టువారు ఇసుకను ప్రోగుచేసికొని, దానిని పీటగా చేసికొని కూర్చుండెడివారు. ఇట్టి గుడారములలో తరచుగా ప్రొజెక్టరు ఒక్కటియే యుండెడిది. వేయి అడుగుల ఫిలిము సుమారు 11 నిమిషములలో తిరిగిపోవును. యంత్రములు రెండున్నచో ఒకటి ముగియునప్పటికి రెండవది అందుకొనును; ఒక్కటే యున్నచో చుట్ట మార్చువరకు దీపములు వెలిగించి కూర్చుండవలసినదే. కావున ఒక విశ్రాంతికి బదులు మూడు నాలుగు విశ్రాంతులు వచ్చెడివి. వేరుసెనగకాయలు, సోడాలు అమ్ముడుపోవునది అప్పుడే. అభిప్రాయములు పుట్టునదియు నప్పుడే. “వీడు మంచివాడు కాదు, చూస్తూ ఉండండి” అని యొకరును, “కాదండీ, మనం అనుమానపడాలని అలా చూపిస్తున్నాడంతే” అని మరియొకరును వాదించుకొనుచుండగా మరల దీపములారెడివి. తెరమీద కథ నడుచుచుండగనే క్రింద తీర్పును నడుచుచుండెను.

ఒకే చిత్రమును చూచినవారందరును ఒకే దానిని చూడరు. మెట్టరైతు కథానాయకుడు మేడి పట్టిన తీరును చూచును. కొల్లేటి పల్లెవాడు పడవ నడుపువాని చేతిగడను చూచును. ఇల్లాలు, అత్తవారింట చాకిరితో నలిగిపోవుచున్న కోడలి చీర మడత నలగకుండుటను గమనించును. “పొద్దుట్నించీ ఊడ్పు ఊడ్చిందట, కాళ్ళకి మట్టే అంటలేదు!” అని నవ్వుకొనుచు ఇంటికి వచ్చు స్త్రీ మంచి విమర్శకురాలు. పత్రికలలో సమీక్షలు వ్రాయువారు పదిపంక్తులలో చెప్పు దోషమును ఆమె ఒక్క వాక్యములో చెప్పినది. పత్రికలవారిని తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కొడవటిగంటి కుటుంబరావు, ముళ్ళపూడి వెంకటరమణ వంటి ప్రసిద్ధరచయితలు సినిమాలను గూర్చి వ్రాసిరి. వారిలో వెంకటరమణ పిమ్మట తానే చిత్రములకు కథలును మాటలును వ్రాసి, ఇతర విమర్శకుల చేతికి చిక్కెను!

అయితే పొలములోని నిజమునే అన్ని చిత్రములయందును వెదకరాదు. 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ను చూడుడు. శశిరేఖాపరిణయ కథ వ్యాసభారతమున లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లివారిని ఏడిపించుట లోకమున జరుగునది కాదు. అయినను ‘ఇది అబద్ధము’ అని నేల తరగతిలోని వారెవరును లేచిపోలేదు. మాయ యని ముందే చెప్పి, ఆ మాయకు తగిన నియమములను ఆద్యంతము పాటించిన కథను జనులు నమ్మిరి. ఘటోత్కచుడుగా నటించిన ఎస్. వి. రంగారావు నేడు ఏలూరు జిల్లాలోనున్న నూజివీడులో 1918లో జన్మించెను. ఆ చిత్రములో నౌకావిహార ఘట్టమొకటి కలదు. అందలి వెన్నెల చాలవరకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దీపములతో కల్పించినది. వెన్నెలరాత్రులలో సరస్సుమీద పడవ నడుపువారికి నీటిపై వెలుగు ఎట్లు పడునో ఒకరు చెప్పనక్కరలేదు. అట్టివారు కూడ తప్పుపట్టలేని వెన్నెల యది.

‘బాగుంది’ యను మాటలో ఇన్ని సంగతులు ఇమిడియుండును గాని, విప్పి చెప్పనిచో అవి వినువానికి అందవు. పల్లెలలో వినవచ్చు ఇట్టి సంభాషణ నొకదానిని గమనింపుడు. గూడెమునుండి వచ్చిన మేనల్లుని మేనమామ అడుగుచున్నాడు.

“ఎలా ఉందిరా బొమ్మ?”

“బాగుంది మావయ్యా.”

“ఏం బాగుంది?”

“అంతా బాగుందండి.”

“అంతా అంటే ఏమీ చెప్పనట్టే. ఎక్కడ నీకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు? అది చెప్పు.”

కుఱ్ఱవాడు కొంతసేపు ఆలోచించెను. “తండ్రి కొడుకు రాసిన ఉత్తరం చదువుకున్నాడండి. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడవలేదు, ఏమీ మాట్లాడలేదు. అప్పుడు హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు మావయ్యా.”

“అలా చెప్పు మరి! రేపు మీ అత్తయ్యని తీసుకుని వెళ్తాను.”

మొదటి సమాధానముతో మేనమామ కదలలేదు. రెండవ సమాధానముతో కదలెను. కుఱ్ఱవాడు కథ నంతయు చెప్పకుండుటయు గమనింపదగినది. పూర్వము హాళ్ళవద్ద అమ్ము పాటలపుస్తకములలో కథాసంగ్రహము ముద్రించెడివారు. కథ మంచిపట్టులోనికి వచ్చుసరికి ‘తరువాతి కథను వెండితెరపై చూడుడు’ అని ఆపివేసెడివారు. కొనువానికి కొంచెము కోపము వచ్చినను, ఆ మర్యాద మంచిదే. హంతకుడెవడో బస్సులోనే చెప్పివైచువానికి ఆ పుస్తకమును చూపవలసియున్నది.

ఏలూరునకు సమీపమున సోమవరప్పాడు అను గ్రామమున 1908లో అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అను బాలుడు జన్మించెను. ఏలూరి గుడారములలో వేయు మూగచిత్రములను చూచి మురిసిపోయి, తుదకు ఇల్లు విడిచి బొంబాయికి పోయెను. భారతదేశపు తొలి మాటలచిత్రమైన ‘ఆలం ఆరా’లోను, ‘భక్తప్రహ్లాద’లోను చిన్నవేషములు వేసెను. ఇతడే తరువాత ఎల్. వి. ప్రసాద్ అని ప్రసిద్ధికెక్కిన దర్శకుడు. 1982 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందుకొనినవాడు.

1950లో ఇతడు విజయా సంస్థకై ‘షావుకారు’ తీసెను. ఇరుగుపొరుగున స్నేహముగానున్న రెండు కుటుంబములు పంతములకు పోయి విరోధించుట అందలి కథ. రాక్షసులు లేరు, మాయలు లేవు. మన యూరిలో మన వీధిలో జరుగునట్లుండును. విమర్శకులు మెచ్చుకొనిరి. కాని జనము విరగబడి రాలేదు. సంస్థకు ఆశించినంత ధనము చేకూరలేదు. మరుసటి సంవత్సరము అదే సంస్థ తీసిన జానపదచిత్రము ‘పాతాళభైరవి’ ఘనవిజయము సాధించెను. అంతమాత్రమున ‘షావుకారు’ను చూచినవారు దానిని మరచిపోయిరా? అందు కథానాయికగా నటించిన జానకికి నాటినుండి ‘షావుకారు జానకి’ యనియే పేరు స్థిరపడినది. పెట్టెలో డబ్బు నిండింపలేని చిత్రము ఒక మనిషి పేరులో నిలిచిపోయినది.

ఇట్లేల జరుగును? హాలు నడుపువాడు కొన్నిదినములు చూచును. జనము రాకున్నచో చిత్రమును తీసివేసి మరియొకటి వేయును. వానికిని ఖర్చులున్నవి గదా. చూచినవాని మాట ఆ కొద్ది దినములలోనే ఊరూర వ్యాపింపవలెను. ఎడ్లబండి మీద నడచు మాట ఒకప్పుడు ఆలస్యముగా చేరును. అది చేరునప్పటికి హాలులో బొమ్మ మారిపోయియుండును. పైగా నాడు చిత్రపు ప్రతులు కొలదిగా నుండెడివి. పట్టణములలో ఆడిన ప్రతియే నెలలు గడచిన పిమ్మట పల్లె గుడారమునకు వచ్చెడిది. అనగా పట్టణమువారి తీర్పు ముందు, చిత్రము వెనుక!

మాట సకాలమున చేరినచో నేమగునో ‘శంకరాభరణము’ చరిత్ర చెప్పును. కె. విశ్వనాథ్ దర్శకత్వమున తయారైన ఈ చిత్రము 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయ్యెను. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు. కథానాయకుడు వయసు మళ్ళిన సంగీతవిద్వాంసుడు. ఆ పాత్ర వేసిన జె. వి. సోమయాజులు రెవెన్యూశాఖలో ఉద్యోగి. పోరాటములు లేవు, ప్రసిద్ధ తారలు లేరు. మొదటి దినములలో హాళ్ళు దాదాపు ఖాళీగా నుండెను. వచ్చిన కొద్దిమంది మాత్రము ఊరకుండలేదు. ఇంటికి పోయి తల్లిదండ్రులకు చెప్పిరి. కచేరీలో తోడివారికి చెప్పిరి. తాము మరల వచ్చిరి. రెండవ వారమునకు హాళ్ళు నిండిపోయెను. 1979 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో, జనరంజకమైన ఉత్తమచిత్రముగా స్వర్ణకమలము లభించెను. తెలుగు తెలియని తమిళ, మలయాళ ప్రాంతములవారును ఆ పాటలను పాడుకొనిరి. ఆ మొదటి కొద్దిమంది “పరవాలేదు” అని ఊరకున్నచో ఆ బొమ్మ గతి ఏమయ్యెడిదో ఊహించుట కష్టము కాదు.

నేడు టూరింగు టాకీసులు కనుమరుగైనవి. మాట ఎడ్లబండి దిగి చేతిలోని ఫోనులోనికి ఎక్కినది. మొదటి ఆట విశ్రాంతి వేళకే “ఆడదు” అను జోస్యము ఊరూర చేరుచున్నది. వేగము పెరిగినది గాని ఒకటి తగ్గినది. పూర్వము చెప్పువాడెవడో వినువానికి తెలియును. పాటలపిచ్చి గల పెదనాన్నగారు “బాగుంది” అనినచో, పాటలు మాత్రమే బాగున్నవని అర్థము చేసికొనెడివారు. ఏ బొమ్మయు నచ్చని మాష్టారు “పరవాలేదు” అనినచో వెంటనే బండి కట్టెడివారు! ఫోనులో మాటలాడు అజ్ఞాతవ్యక్తి పాటలపిచ్చివాడో, ఒక నటునియందు వీరాభిమానము గలవాడో, అసలు చిత్రమును చూడనివాడో తెలియదు. ‘మా నటుని బొమ్మ’ యని చూడకమునుపే పొగడుటయు, ‘వారి నటుని బొమ్మ’ యని చూడకమునుపే తెగడుటయు నేటి యువకులలో కానవచ్చుచున్నది. ఇది అభిప్రాయము కాదు, పందెము.

2010లో ‘మాయాబజార్’ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. తొలిసారి విడుదలైన నాడు నేలమీద కూర్చుండి చూచిన తాతలు మనుమలను వెంటబెట్టుకొని హాళ్ళకు పోయిరి. శశిరేఖ నగలు రంగులలో మెరయుచుండగా చూచి మనుమలు సంతోషించిరి. పెద్దలలో కొందరు మాత్రము తల అడ్డముగా ఊపిరి. “పడవలో వెళ్తున్నప్పుడు ఆ వెన్నెల... అది తెలుపు నలుపులోనే బాగుండేదిరా” అనునది వారి మాట. ఈ వాదము ఇంకను తెగలేదు.