చెవి హోరు, మూతి వంకర: పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకు చెప్పారా?

ఒక తల్లిని ఊహించుకోండి. ఆరేళ్ళ క్రితం ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టించుకోవడం, మందులు అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు ఒక చెవి సరిగా వినబడదు, లోపల ఒకటే హోరు. చలిగాలి వల్లనేమో అనుకుని చుక్కలు వేసుకున్నారు. రెండు నెలలకు అదే వైపు మూతి మెల్లమెల్లగా వంకర తిరిగింది. చెవి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పాత ఆపరేషన్ మాట ఎత్తలేదు. చెవికీ రొమ్ముకూ ఏమిటి సంబంధం అనుకున్నారు.

సంబంధం ఉంది. అరుదే గాని ఉంది. రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి, వీటి క్యాన్సర్ రక్తం ద్వారా చెవి చుట్టూ ఉన్న ఎముకకు, పుర్రె అడుగు భాగానికి చేరవచ్చు. వినికిడి నరం, ముఖ నరం ఆ ఎముకలోని ఇరుకు దారుల్లో నుంచే వెళ్తాయి. అందుకే వినికిడి, ముఖం కదలిక రెండూ దెబ్బతింటాయి.

అయితే ఇవే లక్షణాలు మామూలు జబ్బుల్లోనూ ఉంటాయి. బెల్స్ పాల్సీ అనే మూతి వంకర మూడు రోజుల లోపే పూర్తిగా వచ్చేస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. వారాల తరబడి పెరుగుతూ ఉంటే, మూడు నెలలైనా కదలిక రాకపోతే వేరే కారణం వెతకాలి. షుగర్ ఉన్నవారికి చెవి ఇన్ఫెక్షన్ పుర్రె ఎముకలోకి పాకితే స్కానులో అది కూడా క్యాన్సర్‌లాగే కనబడవచ్చు.

సిటి స్కాన్ ఎముక ఎంత దెబ్బతిన్నదో చూపిస్తుంది. ఎమ్మారై నరం వెంట, మెదడు పొరల వైపు ఎంత పాకిందో చూపిస్తుంది. కాని జబ్బు పేరు ఖాయం చేసేది సాధారణంగా బయాప్సీ, అంటే ముక్క పరీక్షే. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఇంట్లోవాళ్ళు వద్దంటారు. ఆ భయంతో ఆగిపోతే ఏ మందు ఇవ్వాలో తేలదు. రొమ్ము నుంచి వచ్చినదైతే హార్మోను మాత్రలు పనిచేసే రకమా కాదా అన్నది ఆ ముక్కలోనే తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ అని తేలితే వైద్యమే పూర్తిగా వేరు.

చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, ముక్క పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. పదేళ్ళనాటివైనా సరే. కాగితాలు పోతే ఆపరేషన్ జరిగిన ఆస్పత్రిలో అడిగి చూడండి. ఈలోగా ఆ వైపు కన్ను మూతపడకపోతే చుక్కల మందు గురించి డాక్టరును అడగండి, రాత్రి కన్ను ఎలా కప్పుకోవాలో నర్సమ్మ చూపిస్తారు.