మీకు తెలుసా? గుణకారంలో రెండో వరుస చివర ఆ సున్నా ఎందుకు?

23ను 14తో గుణించడానికి కాగితం అక్కర్లేదు. 14ను పదిగా, నాలుగుగా విడగొట్టండి. 23 పదులు 230, 23 నాలుగులు 92, కలిపితే 322.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’లో గుణకారానికి ఇచ్చిన ఉదాహరణ 135ను 12తో గుణించమనే. ఆయన ఒక్క లెక్కకే రకరకాల దారులు చూపాడు. వాటిలో ఒకటి స్థానవిభాగం: 12లోని 1తో గుణిస్తే 135, 2తో గుణిస్తే 270. ఆ 1 పదుల స్థానంలోది కాబట్టి 135ను ఒక స్థానం ఎడమకు జరిపి కూడాలి. జవాబు 1620.

బడిలో రెండో వరుస చివర మాస్టారు పెట్టించే సున్నా అచ్చంగా ఈ జరపడమే. చాలామందికి మార్కులు పోయేదీ అక్కడే!