కోలాటం వలయంలో అందరికీ చోటు

నూజివీడు: మామిడి కోతలు మొదలయ్యే వేళకే శ్రీరామనవమి వస్తుంది. పందిళ్ల వద్ద కోలల చప్పుడు మార్మోగుతుంది. భక్తికి, వేడుకకు పరిమితమనుకునే కోలాటంలో ఆరోగ్య సూత్రమూ ఇమిడి ఉంది. తాళానికి అడుగు వేస్తూ, ఎదుటివారి కోలను తాకుతూ చోటు మారాలి. చెవి, కన్ను, చేయి, కాలు ఏకకాలంలో పనిచేస్తాయి.

65 ఏళ్లు పైబడినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని, అందులో భాగంగా కనీసం 3 రోజులు శరీర నిలకడను పెంచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వృద్ధులు జారిపడకుండా చూడటమే దీని ఉద్దేశం. కోలాటం అడుగులు ఈ అవసరానికి దగ్గరగా ఉంటాయి.

సాంస్కృతిక కార్యక్రమాల్లో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును దివ్యాంగులకు 2016 నాటి చట్టం గుర్తించింది. అయినా వారు, వృద్ధులు తరచూ అరుగులపై ప్రేక్షకులుగానే మిగిలిపోతున్నారు. వేగం కొంత తగ్గించి, వలయంలోనే కుర్చీలు వేస్తే నిలబడలేనివారూ కోల కలపగలరు. చూపులేనివారికి తాళం చప్పుడు, వినికిడి లేనివారికి గురువు చేతి సైగ ఆధారమవుతాయి. కీళ్లనొప్పులు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. కావలసినవి జత కోలలు, కాస్త ఖాళీ స్థలం. మిగిలినది పక్కవారిని పిలిచే మనసే.